గర్భంతో ఉన్నప్పుడు తీసిన కంటి ఫోటో చూసి తల్లికి తర్వాత షుగర్ వస్తుందని చెప్పొచ్చా?

ఒక అక్క అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చెల్లెలికి 29వ వారం. మొదటి చెకప్‌లో గ్లూకోజ్ తాగించి చూస్తే 118 వచ్చింది. 26వ వారంలో మళ్లీ చేస్తే 168. గర్భంలో వచ్చే షుగర్, అంటే జీడీఎం అన్నారు. చూపు మసకగా ఉందని కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఫోటో తీసి, "ధమనులు కాస్త సన్నగా ఉన్నాయి, ముందుముందు షుగర్ రావచ్చు, జాగ్రత్త" అన్నారు. ఆ ఫోటోను ఎంతవరకు నమ్మాలి? పెద్ద ఆసుపత్రిలో మళ్లీ తీయించాలా?

ఫోటో సంగతి తర్వాత. ముందు ఆమె బీపీ ఎంతుందో చూడండి. ఏడో నెలలో చూపు మసకబారి, కంటి లోపలి వెనక పొర అయిన రెటీనాలో ధమనులు సన్నగా కనిపించాయంటే మొదట అనుమానించాల్సింది బీపీనే. 20 వారాలు దాటాక 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అదే రోజు గైనకాలజిస్ట్‌కి చూపించి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించాలి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి, ఉన్నట్టుండి ముఖం వాపు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. అవి గుర్రపు వాతానికి, అంటే గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడానికి, ముందు వచ్చే లక్షణాలు. ఫిట్స్‌కు ముందున్న ఆ దశను ప్రీఎక్లాంప్సియా అంటారు, అందులో రెటీనా ధమనులు బిగుసుకుపోవడం దశాబ్దాలుగా తెలిసిన సంగతే. ఆ బిగువు చూసి రాబోయే షుగర్ గురించి చెప్పి పంపేస్తే అసలు ప్రమాదం తప్పిపోతుంది.

బీపీ మామూలుగా ఉంటే మసకకు కారణం చాలావరకు చిన్నదే. గర్భంలో కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర కాస్త ఉబ్బుతుంది. షుగర్ ఎక్కువ తక్కువలు అవుతుంటే కంటి లోపలి లెన్సు నీరు పీల్చి వదులుతుంది. రెండింటివల్లా పవర్ మారుతుంది. కొత్త కళ్లద్దాలకు ఇప్పుడే డబ్బు పెట్టకండి. ప్రసవమయ్యాక రెండు మూడు నెలలకు పరీక్ష చేయిస్తే నిలిచే నంబరు తెలుస్తుంది.

ఇక ఫోటో దగ్గరికి వద్దాం. డాక్టర్ గాలిలోంచి చెప్పిన మాట కాదది. ఒంట్లో కోత లేకుండా, సూది లేకుండా సన్న రక్తనాళాలను నేరుగా చూడగలిగే కొద్ది చోట్లలో రెటీనా ఒకటి. అమెరికాలో ఆరిక్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. అందులో షుగర్ లేని నడివయసువాళ్ల కంటి ఫోటోలు తీసి, సుమారు మూడున్నరేళ్లు గమనించి 2002లో ఫలితం ప్రచురించారు. సిరలతో పోలిస్తే ధమనులు సన్నగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి షుగర్ వచ్చింది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనంలో సిరలు వెడల్పుగా ఉన్నవాళ్ల మీదికి అనుమానం మళ్లింది. గర్భిణుల విషయంలో ఎక్కువ పని సింగపూర్‌లో జరిగింది. 2009, 2010ల్లో మొదలైన గస్టో అధ్యయనంలో చైనీస్, మలయ్, భారతీయ మూలాలున్న తల్లులను వెయ్యిమందికి పైగా చేర్చుకున్నారు. 26 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ పరీక్షతో పాటు కంటి ఫోటోలూ తీశారు. జీడీఎం ఉన్నవాళ్లలో ధమనులు కాస్త సన్నగా, కొమ్మల అల్లిక కాస్త పలచగా కనిపించింది. తర్వాతి ఏళ్లలో ఆ తల్లులనే మళ్లీ పరీక్షిస్తూ వచ్చారు. గర్భంలోని రక్తనాళాల రూపానికీ తర్వాతి షుగర్‌కూ లంకె ఉందన్న ఆలోచనకు బలం వచ్చింది అక్కడే. అందులో భారతీయ తల్లులు కూడా ఉన్నారు కాబట్టి మనకు సంబంధం లేని విషయమని కొట్టిపారేయలేం.

ఈ లంకె ఎలా ఏర్పడుతుందన్నదానికి ఒక మంచి వివరణ ఉంది. భోజనం తర్వాత రక్తంలోని గ్లూకోజ్‌లో పెద్ద వాటా వెళ్లాల్సింది కండరాలకు. ఇన్సులిన్ ఆ కండరాలకు చేరాలంటే ముందు అక్కడి సన్న నాళాలు తెరుచుకోవాలి. వాటిని తెరిపించేది కూడా ఇన్సులినే. అది నాళాల లోపలి పొర చేత నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేయిస్తుంది. ఆ పొర దెబ్బతిని ఉంటే నాళం సరిగ్గా తెరుచుకోదు, ఇన్సులిన్ చేరాల్సినంత చేరదు, గ్లూకోజ్ రక్తంలోనే ఉండిపోతుంది. పొలానికి నీళ్లున్నాయి గానీ పిల్లకాలువలు పూడిపోయాయన్నమాట. గర్భంలో మాయ విడుదల చేసే హార్మోన్లు ఇన్సులిన్‌కు అడ్డు తగులుతాయి. రక్తంలోని ప్లాస్మా 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి నాళాలు ఎలా స్పందిస్తున్నాయో చూస్తే ఆమె శరీరానికి ఎంత ఓపిక మిగిలి ఉందో కొంత తెలుస్తుందన్నది ఈ పరిశోధకుల తర్కం. కానీ షుగర్ పెరగడమే నాళాలను మార్చి ఉండొచ్చు కూడా. గర్భం మధ్యలో తీసిన ఒక్క ఫోటో ఏది ముందో ఏది వెనకో చెప్పలేదు.

"సన్నగా ఉన్నాయి" అన్న మాట దగ్గరే అసలు చిక్కు. చూపుతో అంచనా వేసి అన్నదానికీ కొలిచి అన్నదానికీ చాలా తేడా ఉంది. పరిశోధనల్లో ఎలా కొలుస్తారో చెబుతాను.

కంటి నరం రెటీనాలోకి వచ్చే గుండ్రటి చోటును డిస్క్ అంటారు. దాని వ్యాసం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. డిస్క్ అంచు నుంచి అర వ్యాసం దూరంలో మొదలుపెట్టి ఒక వ్యాసం దూరం దాకా ఒక వలయం గీస్తారు. ఆ వలయంలోంచి వెళ్లే ధమనుల్లో లావైనవి ఆరు, సిరల్లో లావైనవి ఆరు ఎంచుకుని వెడల్పు కొలుస్తారు. తర్వాత అన్నిటికంటే లావైనదాన్నీ సన్నదాన్నీ జత కడతారు. రెండు వెడల్పుల వర్గాలను కూడి, వర్గమూలం తీసి, ధమనులకైతే 0.88తో, సిరలకైతే 0.95తో గుణిస్తారు. జతలన్నీ అయ్యాక వచ్చిన అంకెలను మళ్లీ జత కట్టి, చివరికి ఒక్క అంకె మిగిలేదాకా ఇలాగే చేస్తారు. ఆ 12 నాళాల బదులు ధమని ఒకటి, సిర ఒకటి ఉన్నట్టు ఊహిస్తే వాటి వెడల్పులివి. సింగపూర్‌లో తయారైన సివా లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఈ పనితో పాటు నాళాల వంకర, చీలే కోణం, కొమ్మల అల్లిక చిక్కదనం కూడా లెక్కిస్తాయి.

ఇప్పుడు తేడాలు ఎంత చిన్నవో చూడండి. రెటీనాను ఫోటో తీసే సాధారణ ఫండస్ కెమెరా 45 డిగ్రీల ఫోటోలో దాదాపు 13 మిల్లీమీటర్ల రెటీనాను పట్టిస్తుంది. ఫోటో అడ్డంగా 3,000 పిక్సెళ్లు ఉంటే ఒక్కో పిక్సెల్ నాలుగు మైక్రాన్ల పైమాటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). జీడీఎం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ సగటున కనిపించే తేడా కొద్ది మైక్రాన్లే. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లని గుర్తు పెట్టుకుంటే విషయం అర్థమవుతుంది. వందలమంది సగటు తీస్తే ఆ తేడా బయటపడుతుంది. ఒక్క మనిషి ఫోటోను కంటితో చూసి పట్టుకోగలిగింది కాదది. చూడగానే సన్నగా ఉన్నట్టు తెలిసిపోయిందంటే అది బీపీ వల్ల బిగుసుకున్న ధమనైనా అయి ఉండాలి, ఫోటో లోపమైనా అయి ఉండాలి.

ఫోటో లోపాలు తక్కువేం కాదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా నాళం వెడల్పు కొన్ని శాతం మారుతుంది. ఫోటో ఏ క్షణంలో క్లిక్‌మందో ఎవరికి తెలుసు? హ్రస్వదృష్టి ఉన్న కంటిలో, అంటే మైనస్ పవర్ ఉన్నవాళ్లలో, గుడ్డు పొడవుగా ఉండటంతో ఫోటోలో నాళాలు ఉన్నదానికంటే సన్నగా పడతాయి. కంటి పొడవు కొలిచి సరిచేయకపోతే మైనస్ నాలుగు ఐదు పవర్ ఉన్న ప్రతి అమ్మాయీ ప్రమాదంలో ఉన్నట్టే తేలుతుంది. ఫోకస్ కాస్త తప్పితే అంచులు చెదిరి నాళం లావవుతుంది. కంటిపాప సరిగ్గా విప్పుకోకపోతే మూలలు నల్లబడతాయి. వయసు, బీపీ, పొగతాగే అలవాటు, బరువు ఇవన్నీ కూడా నాళాల వెడల్పును మారుస్తాయి. కొన్ని రిపోర్టుల్లో ధమని, సిరల నిష్పత్తి అని ఒక అంకె ఇస్తారు, దాన్ని చూసి కంగారుపడొద్దు. ధమని సన్నబడినా ఆ అంకె తగ్గుతుంది, సిర లావెక్కినా తగ్గుతుంది. రెండిటి కారణాలూ వేరు. 2002 నాటి పరిశోధనలు ఈ నిష్పత్తినే వాడాయి. తర్వాత పరిశోధకులు రెంటినీ విడివిడిగా చూడటం మొదలుపెట్టింది అందుకే.

కాబట్టి పెద్ద ఆసుపత్రిలో మళ్లీ తీయించాలా అంటే, షుగర్ జోస్యం కోసమైతే అక్కర్లేదు. ఈ కొలత ఇంత దాటితే ప్రమాదమని ఏ మార్గదర్శకంలోనూ హద్దు గీయలేదు. హద్దు లేని పరీక్షకు డబ్బు కట్టి తెచ్చుకునేది బెంగ ఒక్కటే.

కన్ను చూపించాల్సిన సందర్భం మాత్రం వేరే ఉంది. ఆమెకు గర్భానికి ముందు నుంచే షుగర్ ఉందా లేదా అన్నది తేల్చుకోవాలి. మొదటి మూడు నెలల్లో పరగడుపు విలువ 126 దాటినా, గ్లూకోజ్ తాగాక 200 దాటినా, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం దాటినా అది గర్భంతో వచ్చింది కాదు, పాత షుగరే. అలాంటివాళ్లకు రెటీనాలో రక్తపు చుక్కలు, వాపు ఉండొచ్చు, గర్భంలో అవి ముదరొచ్చు. ఏళ్లతరబడి ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఒక్కసారిగా దించినప్పుడు కూడా కొన్నాళ్లు ముదురుతాయి. వీళ్లకు మొదటి మూడు నెలల్లో ఒకసారి, తర్వాత ప్రతి మూడు నెలలకూ, ప్రసవమయ్యాక ఏడాది దాకా కంటి పరీక్ష తప్పనిసరి. మీ చెల్లెలికి మొదట్లో 118 ఉంది కాబట్టి ఈ వర్గంలోకి రాదు. ఒక్క జీడీఎం కోసమే రెటీనా పరీక్ష చేయించాలన్న నియమం లేదు.

ఏ కారణంతోనైనా మళ్లీ కన్ను చూపించాల్సి వస్తే గర్భిణి అని ముందే చెప్పండి. మన దగ్గర కంటిపాప విప్పడానికి ఎక్కువగా వేసేవి ట్రోపికమైడ్, ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కలు. ఫినైలెఫ్రిన్ బీపీ పెంచగలదు, ఒట్టి ట్రోపికమైడ్ వేయమని అడగొచ్చు. చుక్క పడగానే ముక్కు పక్కన, కంటి లోపలి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే మందు రక్తంలోకి వెళ్లడం తగ్గుతుంది. నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, మెట్లు దిగేటప్పుడు ఎవరైనా పక్కన ఉండాలి. చేతి నరంలోకి రంగు ఎక్కించి తీసే యాంజియోగ్రఫీని గర్భంలో వీలైనంతవరకు వాయిదా వేస్తారు. కాంతితో స్కాన్ చేసే ఓసీటీకి ఆ ఇబ్బంది లేదు.

ముందుముందు షుగర్ వస్తుందా అన్న ప్రశ్నకు ఫోటో కంటే బలమైన సాక్ష్యం ఆమె దగ్గర ఇప్పటికే ఉంది. అదే ఆ 168. మన దేశపు పద్ధతిలో తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి 2 గంటలకు చూస్తారు. 140 లేదా అంతకు మించితే జీడీఎం. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు ముందుకు తెచ్చిన పద్ధతిది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది. జీడీఎం వచ్చినవాళ్లకు తర్వాత టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం, రానివాళ్లతో పోలిస్తే దాదాపు 10 రెట్లని 2020లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. అందులో 13 లక్షల మందికి పైగా తల్లుల సమాచారం ఉంది. కంటి కొలతలు దీనిమీద కలిపేది ఏదైనా ఉంటే కొసరే. ప్రీఎక్లాంప్సియా కూడా తోడైతే ముప్పు ఇంకొంత పెరుగుతుంది.

ఇంత గట్టి సూచన చేతిలో ఉన్నా మన ఇళ్లలో జారవిడుచుకునేది ప్రసవం తర్వాతి పరీక్ష. మాయ బయటపడిన కొద్ది రోజుల్లోనే షుగర్ దిగిపోతుంది. "పోయిందమ్మా, ఇక దిగుల్లేదు" అంటారు. బాలింత పుట్టింట్లో ఉంటుంది, పరీక్షల ఫైలు అత్తగారింట్లో ఉంటుంది. మూడో నెలలో తిరిగొచ్చేసరికి అందరి దృష్టీ బిడ్డ మీదే ఉంటుంది. అందుకే ఒక తేదీ ఇప్పుడే రాసిపెట్టుకోండి. బిడ్డకు ఆరో వారంలో పెంటావాలెంట్ మొదటి టీకా ఉంటుంది. తల్లి గ్లూకోజ్ పరీక్ష కూడా ఆ రోజే, లేదా ఆ వారంలోనే. గర్భంలో చేసినట్టు తిని వెళ్లే పరీక్ష కాదిది. ముందు మూడు రోజులు మామూలుగా తినాలి, అన్నం మానేసి వెళ్తే ఫలితం తప్పుతుంది. రాత్రి భోజనం తర్వాత 8 నుంచి 10 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు, పొద్దున కాఫీ కూడా వద్దు. పరగడుపున ఒకసారి రక్తం తీస్తారు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నుంచి 10 నిమిషాల్లో తాగాలి. 2 గంటల లెక్క మొదటి గుటక నుంచి మొదలవుతుంది. ఆ 2 గంటలూ కూర్చునే ఉండాలి, బిడ్డకు పాలివ్వొచ్చు. వికారంగా ఉంటే నిమ్మరసం రెండు చుక్కలు పిండుకోవచ్చు. అరగంటలోపు వాంతయితే పరీక్ష ఇంకో రోజు.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. దుకాణంలో 100 గ్రాముల ప్యాకెట్ కూడా ఉంటుంది, అది మొత్తం కలిపేస్తే లెక్క తప్పుతుంది. రుచి కలిపిన ఎనర్జీ పొడులు ఈ పనికి రావు. రక్తాన్ని బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ గొట్టంలో తీసి, ఆలస్యం లేకుండా ల్యాబ్‌కి పంపాలి. మామూలు గొట్టంలో ఉంచేస్తే రక్తకణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి, ఉన్న షుగర్ లేనట్టు వస్తుంది. గ్లూకోజ్ తాగించే పరీక్ష బదులు "హెచ్‌బీఏ1సీ చాలు" అని ఎవరన్నా ఆరో వారంలో ఒప్పుకోవద్దు. ప్రసవంలో రక్తం పోయి కొత్త కణాలు పుడుతుంటే అది తగ్గి కనిపిస్తుంది, ఐరన్ లోపం ఉంటే పెరిగి కనిపిస్తుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేసి వదిలేసినా లాభం లేదు. పరగడుపున మామూలుగా ఉండి, 2 గంటలకు మాత్రమే పెరిగేవాళ్లు మనవాళ్లలో చాలామంది.

పరగడుపున 100 లోపు, 2 గంటలకు 140 లోపు ఉంటే ప్రస్తుతానికి మామూలే. అయినా ఏడాదికోసారి పరీక్ష చేయించడం మేలు, మూడేళ్లు దాటించకూడదు. పరగడుపున 100 నుంచి 125 లేదా 2 గంటలకు 140 నుంచి 199 ఉంటే షుగర్‌కు ముందు దశ. 126, 200 దాటితే షుగరే, అయితే లక్షణాలు లేనప్పుడు ఇంకోసారి చేసి నిర్ధారించాలి. ఇంకో గర్భం అనుకుంటే గర్భం రాకుండా వాడేవి ఆపకముందే ఒకసారి, నెల తప్పగానే మరోసారి.

ముందు దశలో పట్టుకుంటే చేయగలిగింది ఉంది. అమెరికాలోని డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాంలో, గతంలో జీడీఎం వచ్చి ఆ దశలో ఉన్న ఆడవాళ్లకు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చినా, తిండి, నడక, బరువు మార్పించినా మూడేళ్లలో షుగర్ వచ్చేవాళ్లు దాదాపు సగానికి తగ్గారు. పదేళ్ల తర్వాత కూడా మెట్‌ఫార్మిన్‌తో 40 శాతం, జీవనశైలి మార్పుతో 35 శాతం తగ్గుదల నిలిచింది. కానీ భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక ఆసుపత్రుల్లో పసిబిడ్డల తల్లులతో చేసిన లివింగ్ అనే ప్రయోగంలో, కొద్దిపాటి క్లాసులు, ఫోన్ మెసేజ్‌లతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో ఆ ఫలితం వచ్చింది. రాత్రంతా నిద్రలేని తల్లికి సలహాలు పంపితే సరిపోదు, బిడ్డను గంటసేపు ఎత్తుకునే మనిషి కావాలి. అక్కగా మీరు చేయగలిగింది అదే.

తల్లిపాలు బిడ్డకే కాదు, తల్లికీ పనికొస్తాయి. జీడీఎం వచ్చినవాళ్లలో పాలు ఎక్కువగా, ఎక్కువకాలం ఇచ్చినవాళ్లకు రెండేళ్లలోపు షుగర్ రావడం తక్కువని కాలిఫోర్నియాలో చేసిన స్విఫ్ట్ అధ్యయనం 2015లో చూపించింది.

బాలింత పథ్యం గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. వెల్లుల్లి కారం, శొంఠి, మిరియాలతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కూర తగ్గించి తెల్లన్నం కుప్పపోయడం, పూటపూటా నేతిలో బెల్లం పాకంతో చేసిన కాయం ముద్దలు పెట్టడం, కదలనివ్వకుండా మంచం మీద కూర్చోబెట్టడం. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. బెల్లం బరువులో చాలా భాగం చక్కెరే, నల్లబెల్లమైనా తాటిబెల్లమైనా పెద్ద తేడా లేదు. పెద్దవాళ్లతో గొడవ పెట్టుకోకుండా సర్దుకోవాలంటే కాయం ఉండనిచ్చి, బెల్లం మూడో వంతుకు తగ్గించి ఉసిరికాయంత ఉండ రోజుకొకటి చాలనండి. అన్నం సగం చేసి ఆ చోటులో పప్పు, గుడ్డు, ములగాకు, బీరకాయ, సొరకాయ పెట్టండి. మామూలు కాన్పయితే వారం పది రోజుల నుంచి ఇంట్లోనే, ఆపరేషన్ అయితే డాక్టర్ సరేనన్నాక, భోజనం తర్వాత 10 నిమిషాలు నడిపించండి.

చివరగా ఆ ఫోటో. ఎలాగూ తీశారు కాబట్టి కాపీ అడిగి తీసుకోండి, ప్రింటు కాకుండా అసలు ఫైలు. తీసిన తేదీ, ఎన్నో వారం, ఆ రోజు బీపీ, కళ్లద్దాల పవర్ దానితో పాటు రాసి ఉంచండి. ప్రసవమై మూడు నెలలు గడిచాక బీపీ, చూపు రెండూ మామూలుగా ఉంటే దాంతో పనేమీ ఉండదు. మసక తగ్గకపోతే మాత్రం అప్పుడు చూసే డాక్టర్ దాన్ని పక్కన పెట్టుకుని పోల్చుకుంటారు.